హారాన్ని తుంచిన సంగతీ రాయండి

ఢిల్లీ వెళ్లిన తెలుగువాళ్ల టూరు ఎలా సాగుతుందో తెలిసిందే. పొద్దున ఎర్రకోట, మధ్యాహ్నం కుతుబ్ మీనార్, సాయంత్రం ఇండియా గేట్ దగ్గర ఫొటోలు. జన్‌పథ్‌లోని జాతీయ మ్యూజియానికి టైమ్ మిగిలితే ఓ గంట. సోమవారం సెలవని తెలియక గేటు చూసి తిరిగొచ్చేవాళ్లూ ఉంటారు. లోపలికి వెళ్లినవాళ్లు మొహెంజొదారో నర్తకి దగ్గర ఆగి, ‘ఇంతేనా’ అనుకుంటారు. నిజమే, పదిన్నర సెంటీమీటర్ల కంచు బొమ్మ. కానీ వంగి చూస్తే ఎడమ చేతికి భుజం దాకా గాజులు, కుడి చేతికి నాలుగే. సంతలో చూసిన లంబాడీ అవ్వల చేతులు గుర్తొచ్చి నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

అయినా నా గొడవ ఆమె గురించి కాదు, ఓ నగ గురించి.

అదీ మొహెంజొదారోలో దొరికిందే. లేతాకుపచ్చ రాతి పూసలు, మధ్య మధ్య బంగారు బిళ్లలు. ఖజానాలోని నగదును కూడా శాతాల లెక్కన పంచుకున్న 1947 నాటి రోజుల్లో ఈ హారం ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. తుంచేశారు. సగం మనకు, సగం పాకిస్తాన్‌కు. అమ్మ పోయాక కాసులపేరు విప్పి కూతుళ్లు పంచుకోవడం మన ఇళ్లలో కొత్తేం కాదు. కాసులు ఎవరి వాటా వాళ్లకొస్తాయి, పేరే ఉండదు.

మ్యూజియానికి వచ్చిన యాత్రికుడికి మొట్టమొదట చెప్పాల్సిన కథ ఇదీ అంటాను. మన మ్యూజియాల్లో అద్దం పక్కన సాధారణంగా ఉండేది వస్తువు పేరు, దొరికిన ఊరు, కాలం. 4,500 ఏళ్లంటే చూసేవాడికి అందని లెక్క. 1947 అలా కాదు, వాళ్ల తాతయ్య చూసిన సంవత్సరం. ఆ హారం సింధు నాగరికత గురించి ఎంత చెబుతుందో, మన గురించీ అంతే చెబుతుంది.

లేబుల్ అంటే పుస్తకం కాదు, నిలబడి అంత ఎవరు చదువుతారు, పాత గాయాలు కెలకడం దేనికి అని నిపుణులు అంటారు. మొదటి మాటలో కొంత న్యాయం ఉంది. కానీ ‘విభజనలో రెండుగా తుంచిన హారం’ అని రాయడానికి నాలుగు మాటలు చాలు. ఇక గాయమంటారా, దాన్ని అద్దాల పెట్టెలో పెట్టి లైటు వేసి మరీ చూపిస్తున్నాం కదా!

ఢిల్లీలో కేంద్ర సచివాలయం కోసం కట్టిన నార్త్, సౌత్ బ్లాకుల్లో రాబోయే ‘యుగే యుగీన్ భారత్’ మ్యూజియంలో 950 గదులంటున్నారు. చర్చంతా గదుల లెక్క మీదే. ఆ గదుల్లోకి ఏ వస్తువు ఏ దారిన వచ్చిందో చెబుతారా లేదా అన్నదే నాకు కావాలి.

అసలు పంపకాల గురించి నోరు విప్పడమే మనకు చేతకాదు. 2014లో తెలుగువాళ్లమూ ఆస్తులు పంచుకున్నాం. ఆ పంచాయతీని ఏ మ్యూజియంలోనైనా పెడతామా? అంతకన్నా పాతది అమరావతి బౌద్ధ స్తూపం పంపకం. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ అక్కడ తవ్వించిన శిల్పాలను మద్రాసు తరలించారు. ఏళ్ల తరబడి అవి ఆరుబయటే పడి ఉన్నాయి. 1859లో కొన్నింటిని ఓడెక్కించి లండన్ పంపారు. నేడు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతికి ఏకంగా ఓ గదే ఉంది. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఇంకో పెద్ద వాటా. గుంటూరు బస్సు దిగి స్తూపం దగ్గరికి నడిచినవాడికి కనిపించేది గుండ్రటి అడుగు దిమ్మె, చుట్టూ గడ్డి. “శిల్పాలేవి నాన్నా?” అని పక్కనున్న పిల్లాడు అడుగుతాడు. అక్కడి బోర్డు మీద మొదటి వాక్యం దానికి జవాబై ఉండాలి, రాజుల పేర్లు తర్వాత.