అమ్మ కూడా తినే కేకు

పోయిన ఏడాది ఇక్కడే డాలస్‌లో, తెలిసినవాళ్లింట బ్రైడల్ షవర్‌కి, అంటే పెళ్లికి ముందు పెళ్లికూతురికి చేసే వేడుకకి వెళ్లాం. కేకు ముక్క చేతికివ్వగానే మా అమ్మ నా చెవిలో, "ఇందులో గుడ్డుందేమో కనుక్కోవే" అంది. అడిగితే ఎవరికీ తెలియలేదు. బేకరీకి ఫోన్ చేస్తే ఉందన్నారు. అమ్మ మారు మాట్లాడకుండా పళ్లెం పక్కన పెట్టేసి నాలుగు ద్రాక్షపళ్లు తెచ్చుకుంది. చుట్టూ చూస్తే అమ్మలాంటి పెద్దవాళ్లు ఇంకో అయిదారుగురు అలాగే కూర్చుని ఉన్నారు. పెళ్లికూతురి నోట తీపి పెట్టి దీవించినవాళ్లు వాళ్లే. మూడంతస్తుల కేకులో వాళ్లు తినడానికి మాత్రం ఒక్క ముక్క లేదు. ఇంటికొచ్చాక కూడా ఆ సంగతి నన్ను వదల్లేదు.

అందుకే ఈ జూన్‌లో మా మేనకోడలి షవర్‌కి కేకు నేనే చేస్తానన్నాను. నేనంటే నేనొక్కదాన్నే కాదు. మా వదిన, పిన్ని, పెళ్లికూతురి స్నేహితురాళ్లు ఇద్దరు, నేను.

షవర్ మన ఆచారం కాదు కదా, ఎందుకీ హడావుడి అనేవాళ్లు మనలో ఉన్నారు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లకి తన స్నేహితురాళ్లు చేసే వేడుక ఇది. కొత్త కాపురానికి కావలసినవి కానుకగా ఇచ్చి పంపుతారు. పెళ్లికూతుర్ని చేసే రోజు, నలుగు, మంగళస్నానం ఎలాగూ విడిగా ఉంటాయి. ఒకదానికొకటి అడ్డం కాదు. నేను అడిగేది ఒక్కటే, ఆ కేకు బయట కొనకుండా ఇంట్లో నలుగురం కలిసి, గుడ్డు లేకుండా చేద్దామని.

సారెలోకి అరిసెలు ఎలా చేసేవాళ్లమో గుర్తు చేసుకోండి. పాకం చూసేవారొకరు, పిండి పోసేవారొకరు, గరిటె తిప్పేవారొకరు, వత్తేవారొకరు. ఒక్కరితో అయ్యే పని కాదు. అంతస్తుల కేకూ అంతే, రెండు మూడు రోజుల పని. ఇంటి ఆడవాళ్లు ఒకచోట చేరడానికి అంతకంటే మంచి వంక నాకు కనపడదు.

మేం కింద 8 అంగుళాలు, పైన 6 అంగుళాలు అనుకున్నాం. పెళ్లిళ్లలో కోసినట్టు చిన్న ముక్కలుగా కోస్తే ముప్ఫై అయిదు మందికి వస్తుంది. అంతకు మించిన ఎత్తు షవర్‌కి అక్కర్లేదు. గుడ్డుకి బదులు కండెన్స్‌డ్ మిల్క్, పెరుగు వాడాం. పెరుగులోని పులుపు బేకింగ్ సోడాకి తగలగానే బుడగలు లేస్తాయి కాబట్టి పిండి కలిపాక ఆగకూడదు, వెంటనే 350 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లోకి వెళ్లిపోవాలి. గుడ్డు ఇచ్చే పట్టు లేనందువల్ల ఈ కేకు మెత్తగా, పొడిపొడిగా ఉంటుంది. వేడి మీద ముట్టుకుంటే విరుగుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు పల్చగా ఒక పూత క్రీమ్ పూసి, అరగంట చల్లబరిచి, ఆ పైన అసలు పూత వేయాలి. తొలిపూత పొడినంతా పట్టి ఉంచుతుంది.

అంతస్తు నిలబడేది కేకు బలం మీద కాదు, లోపలి పుల్లల మీద. పై అంతస్తు దాని సొంత అట్ట మీద కూర్చుంటుంది. ఆ అట్ట కింద, 6 అంగుళాల వృత్తం లోపలికి వచ్చేలా నాలుగైదు కర్రపుల్లలు కింది కేకులోకి దిగుతాయి. వాటిని సరిగ్గా కింది అంతస్తు ఎత్తుకే కోయాలి. పొడుగైతే మధ్యలో సందు కనిపిస్తుంది, పొట్టివైతే పై బరువు కింది కేకు మీద పడి కుంగిపోతుంది. మా పిన్ని ఒక పుల్ల గుచ్చి, గోరుతో గుర్తు పెట్టి, మిగతావన్నీ దానికి సరిపోల్చి కోసింది.

గుడ్డు మానేస్తే సరిపోదు, ఇది చాలామంది గమనించరు. కేకు మీద పరిచే చక్కెర ముద్దని ఫాండెంట్ అంటారు. మార్ష్‌మెలో మిఠాయితో చేసే ఫాండెంట్‌లో సాధారణంగా జెలటిన్ ఉంటుంది, అది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. కార్మైన్ అనే ఎరుపు రంగు పురుగుల నుంచి వస్తుంది. డబ్బా మీద చదివి కొనండి. మేం ఫాండెంట్ జోలికే పోలేదు. పూత క్రీమ్‌కి ఒక పౌండు వెన్న, రెండు పౌండ్ల చక్కెర పొడి, కాస్త ఉప్పు, ఏలకుల పొడి, అంతే. రంగు ముందు రోజే కలిపి పెట్టుకోవాలి, గంటలు గడిచేకొద్దీ ముదురుతుంది.

అలంకరణ దగ్గర స్నేహితురాళ్లు భయపడ్డారు, క్రీమ్ పిండే పైపింగ్ బ్యాగ్ ఎప్పుడూ పట్టలేదని. మా వదిన వాళ్లకి గోరింటాకు కోను చూపించింది. పట్టుకునే తీరు అదే, వేళ్లతో నొక్కే తీరూ అదే. అరగంటలో కింది అంతస్తు చుట్టూ మెలికల ముగ్గు తిరిగింది. గులాబీలు వాళ్లవి, ముగ్గు మాది. మేనకోడలు వచ్చి చూసి, "అత్తా, ఇది ఎవరు వేశారు?" అని ఒక్కో గీతనీ వేలితో చూపిస్తూ అడిగింది.

డాలస్ ఎండకి వెన్న ఆగదు, 32 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. కారు ముందే చల్లబరిచి, రెండు అంతస్తులనీ విడివిడిగా, సీటు మీద కాకుండా వెనక చదునైన చోట పెట్టి, హాల్‌కి చేరాక ఒకదాని మీద ఒకటి నిలబెట్టాం.

మన తెలుగు సంఘం అల్మారాలో కోలాటం కర్రలున్నాయి, పెద్ద గంగాళాలున్నాయి, అడిగినవాళ్లకి ఇస్తున్నాం. వాటి పక్కనే 6, 8, 10 అంగుళాల కేకు పాన్‌లు, కేకుని తిప్పుతూ పూత పూసే ఒక తిరుగుడు బల్ల, పైపింగ్ బ్యాగ్ మూతికి తగిలించే నాజిల్స్ పెట్టె కూడా ఉంచాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. పెళ్లి పెట్టుకున్న ఇల్లు ఏదైనా తీసుకెళ్లి, కడిగి తిరిగి ఇస్తుంది. నా 8 అంగుళాల పాన్‌లు మూడూ వచ్చే సమావేశానికి తెచ్చి ఇస్తాను.