మా బావ కొన్న కప్పకు మూడే కాళ్లు

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనేవాణ్ణి మొండివాడంటాం. మా బావ పట్టిన కప్పకు మాత్రం నిజంగానే మూడు కాళ్లు. ఇంటికి డబ్బు తెచ్చే బొమ్మట, చైనావాళ్ల వాస్తు ఫెంగ్ షుయ్‌లోది. రాజమండ్రిలో 1,800 రూపాయలు పోసి కొన్నాడు. ఒంటినిండా బంగారు పూత, నోట్లో నాణెం, మొహంలో అప్పులు లేనివాడి ప్రశాంతత. వీధిగుమ్మం పక్కన మొహం ఇంట్లోకి తిప్పి పెట్టాలట, బయటికి తిప్పితే డబ్బు అటే గెంతి పోతుందట. ఊరి చుట్టూ చేలల్లో తొలకరి నుంచీ నాలుగేసి కాళ్ల కప్పలు తెల్లవార్లూ గొంతు చించుకుంటున్నా వాటివల్ల ఏ కౌలురైతూ బాగుపడలేదు కాబట్టి, లోపమంతా ఆ నాలుగో కాల్లోనే ఉందని ఒప్పుకోక తప్పదు.

కప్ప వెనకాలే నిపుణుడు దిగాడు. ఫెంగ్ షుయ్ అంటే చైనా భాషలో గాలి, నీరు అని ఆయనే చెప్పాడు. ఎక్కడ కూర్చుని చెప్పాడు? కోనసీమలో, కాలువగట్టు మీది ఇంట్లో, నెత్తిన కొబ్బరాకులు ఊగుతుండగా. గాలీ నీరూ ఎలా తెచ్చుకోవాలో మనకి ఒకాయన నేర్పాలి, దానికి మళ్లీ ఫీజు!

మా అక్కావాళ్లది పాత మండువా లోగిలి. వీధిగుమ్మంలో నిలబడితే పెరటిగుమ్మంలోంచి అరటిచెట్లు కనబడతాయి. పూర్వం వాళ్లు గుమ్మానికి ఎదురుగా గుమ్మం పెట్టింది సాయంత్రం సముద్రం మీంచి వచ్చే పైరగాలి ఇటు దూరి అటు పోవడానికే. నిపుణుడు అది చూసి తల పట్టుకున్నాడు. ఇంట్లోకొచ్చే ప్రాణశక్తి, దాని పేరు చీ, ఆగకుండా పెరట్లోంచి పారిపోతోందట. (వాళ్ల చీకీ మన ఛీకీ ఒక్క వత్తే తేడా. ఆ వత్తు అవసరం కాసేపట్లో వస్తుంది.) మధ్యలో ప్లైవుడ్డు అడ్డం కొట్టించి దానికి గాలిగంటలు కట్టించాడు. చీ ఆగింది, దాంతోపాటు గాలీ ఆగింది. గాలి లేదు కాబట్టి గంటలు మోగలేదు. మోగట్లేదని వాటి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టారు. ఉక్కపోత భరించలేక ఏసీ పెట్టారు. కరెంటు బిల్లు చూసి, సంపద ఇంకెక్కడో కారిపోతోందని నిపుణుణ్ణి మళ్లీ పిలిచారు.

"మరుగుదొడ్డికి మూత వేస్తున్నారాండి?" అన్నాడాయన. "డబ్బంతా అందులోంచే పోతుందండి."

"మాది కింద కూర్చునేదండీ, దానికి మూతుండదండి," అంది మా అక్క.

చైనాలో కూడా కింద కూర్చునేవి బోలెడున్నాయి కదండీ అనబోయాను. బావ నా కాలు తొక్కాడు. వడ్రంగి వచ్చాడు, కొలతలు తీసుకున్నాడు, పిడి ఏ దిక్కుకి పెట్టమంటారని అడిగాడు. పాపం, పనిమంతుడు, అడగాల్సిన ప్రశ్నే. ఫోన్లు తిరిగాయి. ఉత్తరం అని తేలింది. నున్నగా చిత్రిక పట్టిన టేకుమూత, ఇత్తడి పిడి. సంక్రాంతికి వచ్చిన మా చినతాతయ్య దాన్ని దొడ్డి గోడకి ఆరబెట్టి ఉండగా చూసి, తెచ్చుకుని, మండువాలో వేసుకుని, దానిమీద బాసింపట్టు వేసుక్కూర్చుని ఆరు గారెలు తిన్నాడు. ఒక్కరికీ నోరు పెగల్లేదు. "పీట బాగా చేయించావమ్మాయ్, పట్టుకోడానికి పిడి కూడాను," అని మెచ్చుకుని, వెళ్లేటప్పుడు తనకీ ఒకటి చేయించమన్నాడు.

అసలు పన్నెండేళ్ల కిందట వాస్తు సిద్ధాంతి గారు ఇదే ఇంట్లో దక్షిణం గుమ్మం మూయించారు. చైనావాళ్లకి దక్షిణం ముఖమే శ్రేష్ఠం. అక్కడ ఉత్తరం నుంచి చలిగాలి కొడుతుంది, దక్షిణం నుంచి ఎండ వస్తుంది, వాళ్ల ఊరికి అది సబబే. మరి మనకి చలిగాలి ఎక్కడేడిచింది? అయినా గుమ్మం తెరిచారు. ఆగ్నేయం మన వాస్తులో అగ్నిది, నీళ్లు కూడదు. వీళ్లకి అది డబ్బు మూల, నీళ్లు పారాలి. ఇద్దరికీ రాజీగా వంటింట్లో స్టవ్వు పక్కనే ఫౌంటెను వెలిసింది. ఈ మొత్తం వ్యవహారంలో ఇంతవరకూ సంపద కలిగింది తాపీమేస్త్రికి, వడ్రంగికి. లక్కీ బ్యాంబూ గురించి నేనేమీ అనను, అది వెదురే కాదు, ఆఫ్రికా మొక్క, అది ఎవర్నీ మోసం చేయలేదు, మనమే పేరు పెట్టుకున్నాం.

ఫౌంటెనులో పోయడానికి బావ 20 లీటర్ల వాటర్ టిన్ను కొని బండి ముందు పెట్టుకుని కాలువగట్టు వెంట తెస్తున్నాడు. "కాలువ నీళ్లు పోయొచ్చుగా బావా?" అన్నాను. "ఛీ, ఆ నీళ్లా!" అన్నాడు.

ఇదిగో, వత్తు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలతోనే ఈ డెల్టా అన్నం తిన్నది. కాటన్ దొర ఏ మూల కప్ప పెట్టాలో చూడలేదు, నేల ఎటు వాలుందో చూశాడు. ఊరూరా ఆయనకి విగ్రహం పెట్టాం, దండ వేస్తాం, ఎండిన దండ తీసి ఎక్కడ పడేస్తాం? కాలువలో. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు వెళ్లి చూడండి, కోడి ఈకల మూటలు, పసిపిల్లల డైపర్లు, మందు సీసాలు, దేవుడి పటాలు. ఊళ్లో మంచినీళ్ల చెరువు నింపేది ఈ కాలువతోనే, సిగ్గులేని జన్మలు! మురుగు కాలువలో గుర్రపుడెక్క మేట వేసి, వాననీరు దిగక నాట్లు కుళ్లిపోతే దానికి ఏ గంట కడతారు? 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి లంకల్లో ఇళ్లు మునిగితే, నీళ్లు ఈశాన్యం నుంచి వచ్చాయా అని ఎవడైనా అడిగాడా? గుమ్మం అర అడుగు జరపడానికి లక్ష పోసేవాడు, గుమ్మం ముందు కాలువలో సంచి విసరకుండా ఒక్కరోజు ఉండలేడు.

మొన్న పిల్లి తోసేస్తే కప్పకి ఓ కాలు విరిగింది. విరిగిన వస్తువు ఇంట్లో ఉంటే అరిష్టమని నిపుణుడు చెప్పాడు. బావ దాన్ని కవర్లో చుట్టి, దణ్ణం పెట్టి, కవరుతో సహా కాలువలోకి గిరాటేశాడు. నేను అక్కడే ఉన్నాను. అనకూడని మాటలు అన్నాను, వెనక్కి తీసుకోను. "నీకు తెలీదోయ్," అన్నాడు తాపీగా.

ఆ రాత్రే కరెంటు పోయింది. ఏసీ లేదు, ఫ్యాను లేదు. పది దాటాక బావే స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చి, "ఓ చెయ్యి వెయ్యవోయ్," అన్నాడు. ప్లైవుడ్డు ఊడదీసి గోడకి చేరేశాం. పైరగాలి రివ్వున ఇటు దూరి అటు పోయింది, అక్క మండువాలో చాప పరిచింది. ఆ గాలికి చైనా గంటలు మొదటిసారి వాటంతటవే మోగడం మొదలుపెట్టి తెల్లవారేదాకా ఆగలేదు. పొద్దున్నే ఎర్రటి కళ్లతో బావ ప్లైవుడ్డు మళ్లీ బిగించేశాడు, గంటల్ని మాత్రం దాని వెనకే ఉంచాడు.