వడ్డీ పెంచితే ధరలు పెరుగుతాయా?

కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు పెంచితే ధరలు తగ్గాలి. కానీ టైమ్ సిరీస్ మోడల్ (కాలక్రమంలో నమోదైన లెక్కల వరుసల నుంచి సంబంధాలు పట్టే గణాంక నమూనా) చాలాసార్లు దీనికి తలకిందులుగా చెబుతుంది. రేటు పెరిగాక కొన్ని నెలలపాటు ధరలు ఇంకా పెరిగినట్టే చూపిస్తుంది. అమెరికా ఆర్థికవేత్త క్రిస్టఫర్ సిమ్స్ 1992లో అమెరికా, జపాన్, జర్మనీ తదితర దేశాల లెక్కల్లో దీన్ని గమనించాడు. 'ప్రైస్ పజిల్' అని దీనికి పేరు పడింది.

ధరలు పెరగబోతున్నాయని బ్యాంకుకు ముందే సమాచారం ఉంటుంది, అందుకే రేటు పెంచుతుంది. మోడల్‌కు ఆ సమాచారం ఉండదు. సరుకుల ధరల సూచీని, మారకపు రేటును కూడా కలిపాక సిమ్స్‌కి ఈ చిక్కు కొంత తగ్గింది. చీమలు గుడ్లు మోసుకుపోతే వాన వస్తుందంటాం కానీ, చీమలే వానను తెచ్చాయని ఎవరూ అనరు కదా!

బ్రిటిష్ ఆర్థికవేత్త క్లైవ్ గ్రాంజర్ 1969లో ప్రతిపాదించిన పరీక్ష అడిగేది కూడా ఇంతే: ధరల్ని అంచనా వేయడానికి పాత ధరలతోపాటు పాత వడ్డీ రేట్లనూ కలిపితే అంచనా మెరుగవుతుందా, లేదా? మెరుగైతే దాన్ని 'గ్రాంజర్ కారణం' అంటారు. మన దగ్గర చాలా పరిశోధన వ్యాసాల్లో ముగింపుకు వచ్చేసరికి 'గ్రాంజర్' జారిపోయి 'కారణం' ఒక్కటే మిగులుతుంది. విధానాల మీద సలహాలు ఇచ్చేటప్పుడు ఇది చిన్న పొరపాటేమీ కాదు.

మన లెక్కలే చూడండి. రిజర్వ్ బ్యాంకు 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపోను (బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీ రేటును) 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచి అక్కడే ఆపింది. 2023 జులైలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతానికి ఎగబాకి, సెప్టెంబరుకు 5.02కి దిగింది. ఈ మధ్యలో రెపో కదల్లేదు. కదిలింది టమాటా. ఆ జులైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో వంద దాటిన సరుకు, కొత్త పంట రాగానే రైతుకు గిట్టుబాటు కాని రేటుకు పడిపోయింది. చిల్లర ద్రవ్యోల్బణాన్ని లెక్కగట్టే వినియోగదారుల ధరల సూచీ (సీపీఐ)లో అప్పట్లో ఆహారం, పానీయాల వాటా 45.86 శాతం. కాబట్టి కూరగాయల ధరలు, వానలు లేకుండా రెపో, సీపీఐ అనే రెండే వరుసలతో నడిపిన మోడల్ ఆ మూడు నెలల గురించి చెప్పే ఏ మాటనూ నేను నమ్మను.

ఈ పద్ధతుల్ని పక్కన పెట్టమని అనడం లేదు. ఏది ముందు కదిలిందో, ఏది తరువాతో ఇంత క్రమంగా చూపించే సాధనాలు తక్కువ. కానీ ఎన్ని నెలల లాగ్ (ఎంత వెనకటి లెక్కలు) తీసుకున్నారు, దాన్ని మారిస్తే ఫలితం నిలిచిందా, ఏ వరుసల్ని వదిలేశారు అన్నవి వ్యాసం మొదట్లోనే చెప్పాలి. 2020 ఏప్రిల్, మే నెలల్ని ఏం చేశారో కూడా చెప్పాలి. లాక్‌డౌన్‌లో ధరల సేకరణ దెబ్బతినడంతో ఆ రెండు నెలల సీపీఐని గణాంక కార్యాలయం అంచనాలతో పూరించింది. మోడల్‌కు మాత్రం అవి కూడా మార్కెట్‌కి వెళ్లి రాసుకొచ్చిన ధరల్లాగే కనిపిస్తాయి.