పెద్దవాళ్ల చలికి కొవ్వు శాతంలో జవాబు దొరకదు

పెద్దవాళ్లకు చలి ఎక్కువైందంటే ఒంట్లో కొవ్వు తగ్గినట్టే. బాడీ ఫ్యాట్ మిషన్ ఎక్కి శాతం చూసుకుని పెంచుకోండి. రక్తం పలచబరిచే మాత్రలు మానేయండి. చలి వేయకపోతే బెంగ లేదు. వాట్సాప్‌లో చక్కర్లు కొడుతున్న సందేశం సారాంశం ఇదీ. నాలుగు మాటలూ తప్పే, చివరి రెండూ ప్రమాదకరం కూడా.

‘మిషన్ కొవ్వును కొలుస్తుంది.’ కొలవదు. పాదాల కింది లోహపు పలకల నుంచి అతి స్వల్పమైన కరెంటు పంపి, ఒళ్లు దానికి ఎంత అడ్డుపడిందో చూస్తుంది. దాన్నిబట్టి ఒంట్లో నీరెంతో లెక్కగడుతుంది. కొవ్వు కాని భాగంలో సుమారు 73 శాతం నీరే అన్న సగటుతో ఆ భాగం బరువు తేల్చి, మొత్తంలోంచి తీసేస్తుంది. మిగిలినదానికి కొవ్వని పేరు. పాదాలతో మాత్రమే ఎక్కే రకంలో కరెంటు ఒక కాల్లో ఎక్కి రెండో కాల్లో దిగిపోతుంది కాబట్టి ఛాతీ, చేతుల లెక్క చాలావరకు ఊహే.

60 కిలోల మనిషికి 30 శాతం చూపించిందనుకోండి. కొవ్వు 18 కిలోలు, మిగతాది 42. నీటి లెక్క ఒక్క లీటరు తక్కువ వస్తే కొవ్వు 32 శాతం దాటుతుంది, ఒంట్లో గ్రాము కూడా పెరగకుండానే. మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వేసుకున్నా, మడమలు ఎండి గట్టిపడినా, పాదాలు చల్లబడినా లెక్క అటే జరుగుతుంది. అంటే చలికి కాళ్లు చల్లబడ్డ మనిషికి ఉన్నదానికంటే ఎక్కువ కొవ్వు చూపిస్తుంది! కాళ్లకు నీరు పట్టి వాస్తే దీనికి తలకిందులు: కొవ్వు తక్కువ, కండ ఎక్కువ చూపిస్తుంది.

చూసుకోవాలంటే పొద్దున్నే, మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు, పాదాలు తుడిచి వెచ్చబడ్డాక, ఎప్పుడూ అదే మిషన్ మీద చూడండి. ఒక్కరోజు అంకెను పట్టించుకోవద్దు. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు ఎక్కొద్దు.

‘కొవ్వు తగ్గడం వల్లే చలి.’ బాగా చిక్కిపోయినవాళ్ల విషయంలో కొంత నిజం. కానీ వయసుతో సాధారణంగా తగ్గేది కండ. బరువు మారకపోయినా కొవ్వు వాటా పెరుగుతుంది. వేడి పుట్టించేది, వణికేది కండే. చర్మం కింది కొవ్వు వేడిని ఆపుతుంది గానీ, పొట్టలో అవయవాల చుట్టూ చేరింది అందుకు పెద్దగా పనికిరాదు. పైగా చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకునే వేగం కూడా మందగిస్తుంది. శాతం కంటే పనికొచ్చే పరీక్ష ఇది: గోడకు ఆనించిన కుర్చీలోంచి, చేతులు ఛాతీమీద కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోవాలి, పక్కన ఒకరు ఉండాలి. 15 సెకన్లు దాటితే కండబలం తగ్గిందేమోనని డాక్టరుకు చూపించాలి.

‘రక్తం పలచబరిచే మాత్రలు మానేయండి.’ అవి రక్తాన్ని నీళ్లలా చేయవు, గడ్డకట్టకుండా ఆపుతాయి. సొంతంగా మానేస్తే పక్షవాతం ముప్పు. చేతులు, కాళ్లు చల్లబరిచే మందులు వేరే ఉన్నాయి: బీపీకి, గుండెకు ఇచ్చే అటెనొలాల్, ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు. వాటినీ హఠాత్తుగా ఆపకూడదు. ముందు హిమోగ్లోబిన్ (మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12 కంటే తక్కువైతే రక్తహీనత), థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్షలు చేయించండి. షుగర్ ఉన్నవాళ్ల పాదం ముట్టుకుంటే వెచ్చగా ఉండి, వాళ్లకు మాత్రం చల్లగా అనిపిస్తే నరాలను అనుమానించాలి. ఆ పాదానికి వేడినీళ్ల బ్యాగు పెడితే కాలినా తెలియదు. ఒక్క కాలే ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, నొప్పెడితే ఆ గంటలోనే ఆస్పత్రికి.

‘చలి వేయకపోతే బెంగ లేదు.’ వయసుతో చలి తెలిసే శక్తే తగ్గుతుంది, వణుకు ఆలస్యంగా మొదలవుతుంది. అందుకే గదిలో థర్మామీటరు పెట్టి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ప్రకారం గదిలో కనీసం 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. శరీరం లోపలి వేడి 35 కంటే తగ్గితే హైపోథర్మియా. జ్వరం చూసే గాజు థర్మామీటరు గీతలు దాదాపు అక్కడే మొదలవుతాయి కాబట్టి ఇంకా కిందికి పోతే అది చూపించదు. మాట ముద్దగా రావడం, మగత, తడబాటు, పొట్ట చర్మం చల్లగా తగలడం కనిపిస్తే వణుకు లేకపోయినా అంబులెన్స్ పిలవండి. అది వచ్చేలోపు తడిబట్టలు తీసేసి, ఛాతీ, పొట్ట, తల దుప్పట్లతో కప్పండి. చేతులు, కాళ్లు రుద్దొద్దు, వేడినీళ్లు పోయొద్దు.