సవరణ: శ్రీలంక పతాకంలోని చారలు, ఆకులు

హనుమకొండ బడిపిల్లల క్విజ్ కోసం నేను గతవారం రాసిన వ్యాసంలో, శ్రీలంక జాతీయ పతాకం 1948లో స్వాతంత్ర్యం వచ్చిన నాటి నుంచి నేటి రూపంలోనే ఉందని, దాని మూలల్లోనివి తమలపాకులని పేర్కొన్నాను, రెండూ తప్పే. 1948లో ఎగిరినది ఎర్రని నేల మీద కుడి ముంగాలితో కత్తి పట్టిన పసుపుపచ్చ సింహం ఉన్న, చారలు లేని జెండా. ముస్లింలకు గుర్తుగా ఆకుపచ్చ చార, తమిళులకు గుర్తుగా కాషాయ చార 1951లో చేరాయి. జెండాకర్ర వైపు ముందు వచ్చేది ఆకుపచ్చ. మూలల్లో ఉన్నవి రావి ఆకులు. 1972లో వచ్చిన ఆ నాలుగూ బౌద్ధంలోని మైత్రి, కరుణ, ముదిత (ఇతరుల మేలు చూసి సంతోషించడం), ఉపేక్ష (సమభావం) అనే గుణాలకు సంకేతాలు. రచ్చకట్ట మీది రావి కొమ్మలను రోజూ చూస్తూ కూడా ఆ ఆకును నేను పోల్చుకోలేకపోవడం నిజంగా సిగ్గుచేటు.

"ఇది కేవలం సింహళుల జెండా" అన్న నా వాక్యాన్నీ తొలగిస్తున్నాను. సింహం సింహళుల చిహ్నమే అయినా, ఈ సింహపతాకానికి మూలం 1815లో బ్రిటిషువారు గద్దె దింపిన శ్రీలంకలోని కాండీ రాజ్యపు చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుని జెండా. ఆయన దక్షిణ భారత మూలాలున్న నాయక వంశీయుడు. క్విజ్ జవాబు పత్రాన్ని ఈ ప్రకారం మార్చాను.