తాబేలుకు నీళ్లే కాదు, ఎండా కావాలి

వారానికోసారి తొట్టెలో నీళ్లు మారిస్తే చాలు, తాబేలు ఆరోగ్యంగా ఉంటుందని తాబేళ్ల పెంపకం మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు. అది సరిపోదండీ. మా ఇంట్లో ఉన్నది రెడ్ ఇయర్డ్ స్లైడర్, అంటే చెవుల దగ్గర ఎర్ర చార ఉండే విదేశీ నీటి తాబేలు. ఎండ తగులుతుంది కదా అని మొదటి ఏడాదంతా మూసిన కిటికీ పక్కనే పెట్టాం. డొప్ప గట్టిగా ఉండాలంటే ఎండలోని యూవీబీ అనే కంటికి కనిపించని కిరణాలు కావాలి, అవి మామూలు అద్దంలోంచి దాదాపు రావని అప్పటికి తెలీదు. డొప్ప మెత్తబడింది, వేలితో నొక్కితే లోపలికి పోయేది. చూస్తే ఏడుపొచ్చింది. డాక్టరు గారు చెప్పాక యూవీబీ బల్బు, ఒళ్లంతా ఆరేలా ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి పెట్టాం. ఎండు రొయ్యలొక్కటే వేయడం మానేసి పెల్లెట్లు (తాబేళ్ల మేత గుళికలు), ఆకుకూరలు, కాల్షియం కోసం కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్ర జీవి ఒంట్లోని గట్టి పెంకు) ఇస్తున్నాం. బల్బు వెలుగుతున్నా అందులో యూవీబీ తగ్గిపోతుంది, 6 నుంచి 12 నెలల్లో మార్చాలి. ఇంకో మాట, పెంచలేకపోతే దయచేసి చెరువులో మాత్రం వదలకండి. మన తాబేళ్ల తిండీ, చోటూ ఈ విదేశీ తాబేళ్లు లాగేసుకుంటాయి.