ఫోన్ తిప్పమంటారు సరే, కుర్చీని ఎలా తిప్పాలి?

నిన్న మా బావ ఒక యాప్ తెరిచి గంటసేపు మెడ పక్కకి వాల్చుకుని కూర్చున్నాడు. ఆ కోపంలో రాస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

మాది పర్లాకిమిడి. ఆరేళ్ల కిందట బావ కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. రెండు కాళ్లూ పోయాయి, కుడిచెయ్యి కూడా సరిగా లేవదు. చక్రాల కుర్చీకి ఎడమవైపు ట్యాబ్ పెట్టుకోడానికి పాతపట్నంలో వెల్డింగ్ షాపాయన స్టాండ్ చేసిచ్చాడు. ఇనప పట్టీ, రెండు నట్లు, గీతలు పడకుండా సైకిల్ ట్యూబు ముక్క. ట్యాబ్ అందులో అడ్డంగా కూర్చుంటుంది. నిలువుగా పెడితే పైనున్న బటన్ దాకా బావ వేలు అందదు.

నిన్నటి యాప్‌లో కేవైసీ చెయ్యాలి. తెరిస్తే అంతా నిలువే, అంటే బావ కళ్లకి అక్షరాలన్నీ పక్కకి పడుకున్నట్టు. సరే, మెడ వాల్చి ఎలాగో నింపాడు. తర్వాత కెమెరా వచ్చింది, గుండ్రంలో ముఖం పెట్టమంది. పెట్టాడు. ముఖం సరిగా లేదంది. తల భుజానికి ఆనించాడు. మళ్లీ లేదంది. "ఏట్రా, దీనికి నా ముఖం కనపడాలంటే మళ్లీ చెట్టు మీంచి పడాలేటి?" అన్నాడు. అక్క నవ్వింది, నాకు మాత్రం నవ్వు రాలేదు. నట్లు విప్పి ట్యాబ్ చేత్తో పట్టుకుందామంటే పదో నంబరు స్పానర్ దొరకలేదు. దొరికేసరికి ఓటీపీ టైం అయిపోయింది.

నాకు నవ్వెందుకు రాలేదంటే, వైజాగ్‌లో యాప్‌లు రాసినన్నాళ్లూ నేనూ అదే పని చేశాను. స్క్రీన్ నిలువుగానే ఉండాలని మేనిఫెస్ట్ అనే యాప్ సెట్టింగుల ఫైల్లో ఒక్క లైను పెడితే చాలు. ఎందుకు పెడతామో కూడా చెప్తాను. అడ్డంగా తిప్పితే కీబోర్డు సగం తెర మింగేస్తుంది, పైనున్న పట్టీ మిగతా సగం కప్పేస్తుంది, కింది బటన్ కనపడకుండా పోతుంది. అవన్నీ సరిచెయ్యాలంటే రెండు మూడు రోజుల పని. లాక్‌కి పట్టేది అర నిమిషం. "ఫోన్ అడ్డంగా ఎవడు పట్టుకుంటాడండీ" అని మీటింగ్‌లో అంటే అందరూ తలాడిస్తారు.

దీనికి రూలు లేదనుకోకండి. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ 2018 జూన్‌లో తెచ్చిన, వికలాంగులు కూడా వాడగలిగేలా పేజీలు ఎలా ఉండాలో చెప్పే డబ్ల్యూసీఏజీ 2.1లో 1.3.4 అనే నిబంధన పూర్తిగా దీని గురించే. నిలువుకో అడ్డానికో కట్టిపడెయ్యకూడదు, ఆ పని అలా తప్ప జరగదనుకుంటే తప్ప. ఆ మినహాయింపుకి వాళ్లిచ్చిన ఉదాహరణలు కూడా న్యాయంగానే ఉన్నాయి: పియానో యాప్, బ్యాంకు చెక్కు, ప్రొజెక్టర్ మీద వేసే స్లైడ్లు. కేవైసీ ఫారం పియానో ఎప్పుడైంది? "దయచేసి మీ ఫోన్ తిప్పండి" అని బొమ్మ చూపించి ఆపెయ్యడాన్నీ వాళ్లు తప్పు కిందే రాశారు. కుర్చీకి బిగించిన ట్యాబ్‌ని దృష్టిలో పెట్టుకునే ఇదంతా. చూపు తగ్గి, అక్షరాలు పెద్దవి చేసుకుని, లైను వెడల్పుగా రావాలని ఫోన్ అడ్డంగా పట్టుకునే పెద్దవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు.

మన దగ్గర కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో వెర్షన్ కూడా ఈ 2.1నే, అందులోని మూడు స్థాయిల్లో మధ్యదైన ఏఏ స్థాయినే తీసుకుంది. పైన చెప్పిన 1.3.4 ఉన్నది ఆ స్థాయిలోనే. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ కేసు వచ్చిందే కేవైసీలో కళ్లు ఆర్పమంటే ఆర్పలేని యాసిడ్ బాధితుల గురించి, చూపు లేనివాళ్ల గురించి.

గూగుల్ కూడా ఆండ్రాయిడ్ 16 నుంచి, దానికోసం తయారైన యాప్‌లు పెద్ద తెరల మీద లాక్ వేసినా పట్టించుకోవడం మానేసింది, గేములు తప్ప. సంతోషం. బావది పాత ట్యాబ్, దానికి అది రాదు. ఫోన్లకి ఎలాగూ వర్తించదు.

1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది. ఫారం ఒరియాలో వస్తే పక్కింటి గుంటడి చేత చదివించుకోవడం మాకు మూడు తరాల అలవాటు. అది వేరే గొడవ, ఇంకోసారి రాస్తాను. మెడ మాత్రం ఎవరి చేతా వాల్పించుకోలేం కదా.

యాప్‌లు రాసే తమ్ముళ్లూ, ఆ లైను తీసెయ్యండి. తీసేసి ఊరుకోకండి, ఒకసారి అడ్డంగా పెట్టి, అక్షరాలు పెద్దవి చేసి, కింది బటన్ వేలికి అందుతుందో లేదో చూడండి. నేను రాసిన వాటిలో రెండు యాప్‌లు ఇంకా నడుస్తున్నాయి. ఇవాళ పొద్దున్న పాత టీమ్‌కి మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు.

అక్క మాత్రం స్పానర్‌కి తాడు కట్టి కుర్చీకి వేలాడదీసింది.